రూర్కీ నుంచి టూంగాబీ దాకా ఒక కుర్చీ

సిడ్నీ పడమటి శివార్లలో కాపురం పెట్టిన తెలుగువాళ్ళలో చాలామందికి తొలి కుర్చీ కొట్లోంచి రాలేదు, రోడ్డు పక్కనుంచి వచ్చింది. పెద్ద సామాను తీసుకుపోతామని కౌన్సిల్ వాళ్ళు చెప్పిన వారం, ఇళ్ళవాళ్ళు అక్కర్లేనివన్నీ తెచ్చి వాకిట్లో గడ్డి మీద పెడతారు. చీకటి పడ్డాక, తెలిసినవాళ్ళెవరూ చూడకుండా వాటిలో పనికొచ్చేవి ఇంటికి చేర్చుకోవడం మన తొలి ఏళ్ళ రహస్యాల్లో ఒకటి. టూంగాబీ, పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్ వీధుల్లో అలా దొరికేవాటిలో ఒక రకం కుర్చీ ఉండేది. కిందికి పోనుపోను సన్నబడే కాళ్ళు, చెయ్యి ఆన్చే చోట ఒంపు తిరిగిన కర్ర, వెనక్కి వాలిన వీపు, విడిగా తీసి దులుపుకోవడానికి వీలైన రెండు మెత్తలు. ఎక్కడా మేకు కనపడదు, నగిషీ ఉండదు. దీన్ని డేనిష్ మోడర్న్ అంటారని అప్పుడు మనకి తెలియదు. మెత్తలు చిరిగిపోయాయని పారేసిన ఆ కుర్చీలే ఇప్పుడు పాతసామాన్ల షాపుల్లో చాలా కొత్త కుర్చీలకన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి.

అలాంటిదొకటి ఆ మధ్య నేను మా గరాజ్‌లో చేసుకున్నాను. చెయ్యడానికి నాలుగు నెలల శనివారాలు పట్టాయి. దాని పుట్టుపూర్వోత్తరాలు చదవడం మాత్రం ఇంకా అవలేదు. చదివినకొద్దీ అది డెన్మార్క్ నుంచి దూరంగా జరిగి మన వైపు వస్తోంది. అందుకే ఈ వ్యాసం.

డెన్మార్క్ కుర్చీల కథ చెప్పేవాళ్ళందరూ కోరె క్లింట్ పేరుతో మొదలుపెడతారు. 1924లో కోపెన్‌హాగెన్ రాయల్ అకాడమీలో కుర్చీలూ బల్లలూ ఎలా ఉండాలో నేర్పే శాఖ ఆయనతోనే మొదలైంది. ఆయన పద్ధతి చిత్రమైనది. కొత్తది కనిపెట్టమని శిష్యులకి చెప్పేవాడు కాదు. పాత కుర్చీ తెచ్చి కొలవమనేవాడు. ఈజిప్టుదో, చైనాదో, 18వ శతాబ్దపు ఇంగ్లీషుదో తీసుకుని, ఎందుకు బాగుందో తెలుసుకుని, అక్కర్లేనిది తీసెయ్యమనేవాడు. మనిషి ఒంటిని కూడా అలాగే కొలిచాడు. మనకి ఇది వింతగా తోచదు. జాన, బెత్తెడు, మూర అంటూ ఒంటితోనే కొలుచుకున్నవాళ్ళం కదా.

1933లో క్లింట్ ఒక కుర్చీ తయారుచేశాడు. దాని పేరు సఫారీ కుర్చీ. డెన్మార్క్‌లో అది ఇప్పటికీ గొప్ప పేరున్న కుర్చీల్లో ఒకటి. దాని మూలం మన రూర్కీ. గంగా కాలువ తవ్వే రోజుల్లో ఇంజినీర్లని తయారుచెయ్యడానికి 1847లో అక్కడ కాలేజీ పెట్టారు. (ఆ కాలువ కట్టిన కాట్లీకీ, గోదావరికి ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరకీ కాలువ కట్టిన తీరు మీద పెద్ద వాదమే జరిగింది. అది వేరే కథ.) బెంగాల్ శాపర్ల దళం స్థావరమూ అక్కడే. 19వ శతాబ్దం చివర సైన్యంలోని ఇంజినీర్లు గుడారాల్లో వాడుకోవడానికి ఒక మడతకుర్చీ పుట్టింది. దానికి రూర్కీ కుర్చీ అనే పేరు నిలిచిపోయింది. గుండ్రటి నాలుగు కాళ్ళు. కాళ్ళకి తొలిచిన బెజ్జాలు లోపలికి పోనుపోను ఇరుకవుతాయి. అడ్డకర్రల కొసలు అదే వాలుకి సన్నగా చెక్కి ఉంటాయి. జిగురు లేదు, మర లేదు. కాన్వాసు గుడ్డా తోలు పట్టీలూ బిగిస్తే చాలు. మనిషి కూర్చుంటే ఆ బరువుకి కీళ్ళు ఇంకా గట్టిపడతాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు కాళ్ళూ ఆనుతాయి, ఎందుకంటే కీళ్ళు కొంచెం కదులుతాయి. విప్పి కట్ట కట్టి గాడిద మీద వేసుకుని పోవచ్చు.

క్లింట్ దాన్ని దాదాపుగా అలాగే తీసుకుని, కొలతలు సవరించి, కర్ర మార్చి కోపెన్‌హాగెన్‌లో నిలబెట్టాడు. ఆయన దాచలేదు కూడా. పాతదాన్నించి నేర్చుకోవాలన్నదే ఆయన పాఠం. అయితే ఆ మొదటి కుర్చీని రూర్కీలో చిత్రిక పట్టి, బెజ్జాలు తొలిచిన వడ్రంగి ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. డేనిష్ కుర్చీ అంటే దాన్ని ఊహించిన మనిషి పేరూ, చేసిన వడ్రంగి దుకాణం పేరూ కలిపి చెబుతారు. ఫిన్ యూల్ గీస్తే నీల్స్ వోడర్ చేశాడు. వెగ్నర్ గీస్తే యోహానెస్ హాన్సెన్ చేశాడు. కోపెన్‌హాగెన్ వడ్రంగుల సంఘం 1927 నుంచి 1966 దాకా ఏటా ప్రదర్శన పెట్టి, ఈ జంటపేర్లని జనం ముందు నిలబెట్టింది. మనవైపు అలాంటి జంటపేర్లు లేవు.

ఆ మాటకొస్తే మన విశాఖపట్నం సంగతి చెప్పుకోవాలి. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1680ల్లో అక్కడ కొట్టు పెట్టాక, ఆ ఊరి పనివాళ్ళు ఇంగ్లీషు కుర్చీలు చూసి అచ్చం అలాంటివే చెయ్యడం నేర్చారు. నేర్చి ఊరుకోలేదు. నల్లసేవ కర్రలో దంతం పొదిగి, ఆ దంతం మీద సన్నని గీతలతో పూలూ తీగెలూ చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపారు. ఈ పని చేసినవాళ్ళు కంసాలులు. 1756లో ఆ ఊరు వచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి, అక్కడి అద్దకపు గుడ్డలతోపాటు ఈ పొదుగుడు పని గురించి కూడా ప్రత్యేకంగా రాసుకున్నాడు. 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇలాంటి దంతపు కుర్చీలు కొన్ని ఇంగ్లండు పట్టుకుపోయాడు. ఆయన పోయాక 1781లో సామాను వేలం వేస్తే మూడో జార్జి రాజు కొని తన రాణి షార్లెట్‌కి ఇచ్చాడు. అవి ఇంకా ఆ రాజకుటుంబం దగ్గరే ఉన్నాయి. లండన్‌లో ఎవరు కొన్నారో, ఎవరి తర్వాత ఎవరికి చేరాయో అన్నీ లెక్కగా ఉన్నాయి. విశాఖపట్నంలో ఏ కంసాలి చేశాడో ఒక్క పేరూ లేదు.

వాటి పనితనానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ కూర్చోవడానికి నాకైతే ఆ కుర్చీలు నచ్చవు. మ్యూజియం సరుకు. వీపు నిటారుగా పెట్టుకుని, దొరతనం వెలగబెట్టడానికి చేసినవి. గుడారపు కుర్చీలో ఉన్న తెలివి వాటిలో లేదు.

తర్వాత టేకు. డేనిష్ మోడర్న్ అనగానే మెరిసే టేకు గుర్తొస్తుంది గానీ డెన్మార్క్‌లో టేకు మొలవదు. కోపెన్‌హాగెన్‌లో 1897లో పెట్టిన ఈస్ట్ ఏషియాటిక్ కంపెనీకి సయాం అడవుల్లో టేకు కొట్టే హక్కులుండేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత టేకు చవగ్గా దొరకడంతో ఫిన్ యూల్ లాంటివాళ్ళు దాన్ని కుర్చీల్లోకి తెచ్చారు. మనకి టేకుతో అంతకన్నా పాత చుట్టరికం ఉంది. ఏజెన్సీ నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించిన దుంగలు ఒకవైపు, పెగూ నుంచి, రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన దుంగలు ఇంకోవైపు. కోరంగి రేవు నుంచి రంగూన్ పోయిన కూలీలు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాడికి కోరంగీ అన్నదే పేరయింది. 1839 తుపాను ఆ రేవుని ముంచేసినా పేరు మాత్రం పోలేదు. రంగూన్ ఓడరేవులో బరువులు మోసింది వాళ్ళే. 1930 మే నెలలో అక్కడ తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య గొడవలు పెద్ద మారణకాండ అయ్యాయి. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు కాలినడకన అడవులు దాటి వచ్చారు. తర్వాత 1960ల్లో మళ్ళీ కట్టుబట్టలతో వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఐరోపా డ్రాయింగు రూములో మెరిసే ఆసియా టేకు ముక్క చూసినప్పుడల్లా నాకు ఆ రేవులో దుంగల పక్కన నిలబడ్డ మనిషి గుర్తొస్తాడు. ఇప్పుడు ఆ టేకూ లేదు. థాయిలాండ్ 1989లో అడవి కొట్టడం నిషేధించింది. బర్మా 2014లో దుంగల ఎగుమతి ఆపింది.

ఇక ఆస్ట్రేలియాకి ఈ కుర్చీ ఎలా వచ్చింది? ఒక దారి మనందరికీ తెలుసు. సిడ్నీ ఒపేరా హౌస్ గీసిన యోర్న్ ఉట్జన్ డేన్. 1957లో పోటీ గెలిచాడు, 1966లో విసిగి వెళ్ళిపోయాడు. కుర్చీలు వచ్చిన దారి వేరు, నాకు అదే ఎక్కువ ఇష్టం. 1940లో ఇంగ్లండు ప్రభుత్వం, హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూదుల్ని కూడా శత్రుదేశస్థులని అనుమానించి, రెండు వేలమందికి పైగా మనుషుల్ని డునేరా అనే ఓడలో కుక్కి ఆస్ట్రేలియా పంపింది. ఆ ఓడ సెప్టెంబరు 6న సిడ్నీ చేరింది. వాళ్ళని హే, టాటూరా అనే చోట్ల ముళ్ళకంచెల వెనక పెట్టారు. అలా వచ్చినవాళ్ళే ఫ్రెడ్ లోవెన్, ఎర్నెస్ట్ రోడెక్. యుద్ధం ముగిశాక 1946లో మెల్‌బోర్న్‌లో ఇద్దరి పేర్ల పొడి అక్షరాలు కలిపి ఫ్లెర్ అనే కంపెనీ పెట్టారు. ముందు వంటింటి చెక్కసామాను, తర్వాత కుర్చీలు. 1960ల్లో వాళ్ళు అమ్మిన ఒక రకానికి నార్విక్ అని పేరు. అంటే నార్వేలోని ఊరి పేరుతో, డెన్మార్క్ పోలికలతో, శరణార్థులు మెల్‌బోర్న్‌లో చేసిన కుర్చీ.

అవి షాపుల్లో కొత్తగా మెరుస్తున్న రోజుల్లో మనలాంటివాళ్ళకి ఈ దేశంలో నిలబడే చోటే లేదు, కూర్చునే మాట దేవుడెరుగు. 1901 చట్టంతో మొదలైన తెల్ల ఆస్ట్రేలియా విధానం పూర్తిగా పోయింది 1973లో. మనం వచ్చేసరికి ఆ కుర్చీలు పాతబడి గడ్డి మీదకి చేరాయి. మనకి అందినది అలా అందింది.

టూంగాబీకి కూడా కర్రతో పాత లెక్క ఉంది. దారుగ్ భాషలో ఆ పేరుకి నీళ్ళ దగ్గరి చోటని అర్థం చెబుతారు. తుగగాల్ తెగవాళ్ళ నేల. 1791లో గవర్నర్ ఫిలిప్ ఇక్కడ ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం పెట్టించాడు. సిడ్నీ, పారమట్టా తర్వాత ఈ ఖండం మీద తెల్లవాళ్ళ మూడో స్థావరం ఇదే. సంకెళ్ళతో ఓడల్లో తెచ్చిన ఖైదీలకి ఇక్కడ ఇచ్చిన మొదటి పని చెట్లు కొట్టడం. ఆకలితో, కొరడాదెబ్బలతో అడవి నరికి, మొదళ్ళు తవ్వి పొలం చేశారు. ఎందరో ఆ పనిలోనే పోయారు. తమ నేల పోతుంటే దారుగ్‌వాళ్ళు ఊరికే చూడలేదు. 1797 మార్చిలో పెముల్వూయ్ అనే యోధుడు ఈ క్షేత్రం మీదే దాడి చేశాడు. మా ఇంటి వెనక వాగు గట్టున ఇప్పుడు పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు.

ఆ రోజుల్లో సిడ్నీ చుట్టుపక్కల ఎర్ర దేవదారు కోసం ఎగబడ్డారు. దాన్ని ఎర్ర బంగారం అనేవారు. అది నిజానికి మన తున్ చెట్టే, సంస్కృతంలో నందీవృక్షం. రెండు దేశాల్లోనూ ఒకటే జాతి. 1795లో ఎక్స్‌పెరిమెంట్ అనే ఓడ ఆ దుంగలు ఎత్తుకుని ఇండియా పోయింది. 1802 నాటికే గవర్నర్ కింగ్ అనుమతి లేకుండా ఆ చెట్లు కొట్టొద్దని ఉత్తరువు ఇవ్వాల్సొచ్చింది. చెట్టు ఉన్న దేశానికే ఆ చెట్టుని ఎగుమతి చేసిన వ్యాపారుల తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియదు.

నా కుర్చీకి మాత్రం టాస్మానియన్ ఓక్ వాడాను. పేరుకి ఓక్ గానీ అది నీలగిరి చెట్ల జాతి కర్ర. గట్టిది, ధర భరించగలిగేది, బన్నింగ్స్‌లో దొరికేది. పని నేర్పింది మాకు దగ్గర్లోని మెన్స్ షెడ్‌లో కూర్చునే రిటైరైన పెద్దమనుషులు. 1998లో విక్టోరియాలోని టొంగాలాలో ఆ పేరుతో మొదటిది తెరిచాక, ఇలాంటి షెడ్లు దేశమంతా వచ్చాయి. పని మానేసిన మగవాళ్ళు ఇళ్ళలో గోడలు చూస్తూ దిగులుపడకుండా వచ్చి నలుగురితో కలిసి కర్ర కోసుకుంటారు. మన అరుగు లాంటిదే, కాకపోతే చేతిలో రంపం ఉంటుంది.

ఇలాంటి కుర్చీలో కష్టమైన పని కనపడే చోట ఉండదు. వెనక కాలు వాలుగా ఉంటుంది, పక్క కర్ర ఇంకో వాలు, కూర్చునే పీట ముందు ఎత్తు, వెనక పల్లం. మూలమట్టం ఎక్కడా సరిగ్గా కూర్చోదు. అందుకని ముందు కాగితం మీద పక్కనుంచి చూసినట్టు అసలు కొలతకి బొమ్మ గీసుకుని, దాని మీదే కర్ర పెట్టి గుర్తులు పెట్టుకోవాలి. బెజ్జాలు కర్ర నలుచదరంగా ఉన్నప్పుడే తొలవాలి. ఒంపు తీశాక తొలవబోతే ఉలికి ఆనుపు దొరకదు. జిగురు రాసి బిగించాక మిగిలేది చిత్రికా, ఎమిరీ కాగితం. చేతికి తగిలే ఆ కర్ర దగ్గరే నాకు మూడు శనివారాలు పట్టింది.

మెత్తల కింద ఏముంటుందని చాలామంది అడుగుతారు. పాత ఐరోపా సోఫాల్లో స్ప్రింగులూ, గుర్రపు వెంట్రుకలూ, వాటి మీద గోనెపట్టా. అది వేరే వృత్తి, వేరే చదువు. 1950ల్లో టైర్లు చేసే ఇటలీ కంపెనీ పిరెల్లి రబ్బరు పట్టీలు తెచ్చాక ఆ గొడవంతా పోయింది. చట్రానికి అడ్డంగా ఆ పట్టీలు లాగి బిగించి మెత్త పడేస్తే అయిపోయింది. వడ్రంగి ఒక్కడే మొత్తం కుర్చీ చెయ్యగలిగాడు. పట్టీ ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి అల్లుతుంటే మా ఆవిడ వచ్చి చూసి, "ఇది నవారు మంచం కాదుటండీ?" అంది. నవారే. మన నవారుకి సాగే గుణం లేదు కాబట్టి ఆర్నెల్లకోసారి బిగించుకుంటాం, అంతే తేడా.

ఇక్కడ మా తాత సంగతి చెప్పాలి. మాది కోనసీమలో వడ్రంగుల ఇల్లు. తాత నాగళ్ళు, బండిచక్రాలు, గుమ్మాలు చేసేవాడు. వాటికి కోతల్లో మేర ధాన్యం కొలిచేవారు. పేరున్న ఇళ్ళకి కుర్చీలు చేసేవాడు. మా ఊరి మునసబు గారి అరుగు మీద ముప్ఫయ్యేళ్ళు ఉన్న టేకు పడక్కుర్చీ ఆయన చేసిందే. కాళ్ళు చాపుకోవడానికి చేతులు ముందుకి సాగి ఉండేవి. మధ్యలో చారల కాన్వాసు. ఆ కుర్చీ ఎదురుగా నిలబడే, మేర తక్కువొచ్చిందని తాత చెప్పుకునేవాడు. మా ఇంట్లో కుర్చీ లేదు, పీటలుండేవి. కర్రకి కొరత లేదు, చేతిలో పని ఉంది. అయినా వడ్రంగి ఇంట్లో పడక్కుర్చీ కనిపిస్తే ఊళ్ళో ఏమనుకుంటారో ఆయనకి తెలుసు. మాకన్నా కింద ఉంచిన వాళ్ళకి ఆ అరుగు మెట్టే లేదు. బడిలో కూర్చోవడానికి అంబేద్కర్ చిన్నప్పుడు ఇంటినుంచి గోనెపట్టా తెచ్చుకున్న దేశం మనది.

ఇదే కాలంలో డెన్మార్క్‌లో చెప్పులు కుట్టే ఆయన కొడుకు హాన్స్ వెగ్నర్ పద్నాలుగేళ్ళకి వడ్రంగి దగ్గర పనికి చేరాడు. 1949లో ఒక కుర్చీ గీశాడు. 1960 సెప్టెంబరులో కెనెడీ, నిక్సన్ టీవీలో వాదులాడుకున్నప్పుడు వేసింది ఆ కుర్చీనే. డెన్మార్క్ స్వర్గమని నేననను. ఆ దేశం ఓడలు కూడా 1620ల్లో మన మచిలీపట్నం వచ్చి కొట్టు పెట్టాయి. తరంగంబాడిలో 1845 దాకా కోట కట్టుకుని ఉన్నాయి. కానీ చెప్పులు కుట్టే ఇంటి కుర్రాడు తన కుర్చీలో తను కూర్చోవడానికి వెనకాముందూ చూసుకోనక్కర్లేదు. మన దగ్గర 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులు రద్దు చేసింది. ఆ తర్వాత కాన్వాసు చిరిగిన పడక్కుర్చీ పశువులపాకలో పడి ఉండగా నాన్న చూశాడట.

నాన్న బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఉలి ముట్టకుండా రిటైరయ్యాడు. ఆయన ఇక్కడికి వస్తున్నాడనే కుర్చీ మొదలుపెట్టాను. డేన్ల లౌంజ్ కుర్చీ మామూలుగా 38, 40 సెంటీమీటర్లకి మించి ఎత్తుండదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అందులో దిగితే లేవలేడు. వీడియోలో చూపిస్తే, "ఏరా, అంత పల్లంగా ఉంటే నన్ను లేపడానికి ఇంకో మనిషి కావాలి" అన్నాడు. మోకాలి వెనకనుంచి నేలకి దారంతో కొలుచుకుని, రెండు జానలకి రెండు వేళ్ళు తక్కువని చెప్పాడు. నా టేపు మీద అది 42 సెంటీమీటర్లు అయింది. క్లింట్ ఒప్పుకునేవాడనే అనుకుంటాను.

మెత్తలకి పెడన అద్దకపు గుడ్డ వేశాం, అమ్మ తెచ్చింది. ఇంగ్లండులో ఉన్ని, పట్టు నేతగాళ్ళ గోల భరించలేక 1721లో పార్లమెంటు అద్దకపు నూలుగుడ్డల్ని ఒంటిమీదే కాదు, మంచాల మీదా కుర్చీల మీదా దిండ్ల మీదా కూడా వాడకూడదని చట్టం చేసింది. 1774 దాకా అది నడిచింది. మచిలీపట్నం గుడ్డ అంటే అంత భయం. అయితే ఆస్ట్రేలియా ఎండ పార్లమెంటుకన్నా గట్టిది. మా ముందుగదిలో కిటికీ వైపు నీలిరంగు ఒక్క వేసవిలోనే వెలిసింది. నెలకోసారి మెత్త తిప్పి వేస్తున్నాం.

నాన్న పేపరు చదువుకుంటూ చేతికర్ర మీద బొటనవేలు అటూ ఇటూ రుద్దుతుంటాడు. ఒకరోజు కింద అతుకు దగ్గర వంగి చూసి, "బెజ్జం చేత్తో తొలిచావా, మిషనా?" అన్నాడు. సగం మిషను, సగం ఉలి అని చెప్పాను. మిగిలిన కర్రతో రెండోది మొదలైంది. అది అమ్మకి. ఎత్తు ఇంకో రెండు వేళ్ళు తగ్గించాలి.